మూడో వంతు

మా ఇంటికి కొత్తవాళ్లెవరైనా వస్తే మా అమ్మ సిద్ధమ్మ "రాండి" అనేది కాదు, "గోడ పక్కన్నుంచి రాండి" అనేది. ముందుగది నేలంతా నాయన గీసిన గీతలే. నల్ల సిమెంటు నేల మీద సుద్దముక్కతో వృత్తాలు, చాపాలు, వాటిని కోసుకుంటూ పోయే రేఖలు. పెద్ద వృత్తం కావాలంటే మేకు పాతి, దారం కట్టి గీసేవాడు. ఆ గదిని కడిగేది ఉగాదికి ఒకసారి. అదీ నాయన ఊ అంటేనే.

నాయన పేరు చెంగల్రాయుడు. పుంగనూరు హైస్కూల్లో లెక్కల అయ్యవారు. ఒక కోణాన్ని స్కేలూ కంపాసూ పట్టుకుని రెండు సమభాగాలు చేయడం హైస్కూలు పిల్లలందరికీ వచ్చు. మరి మూడు సమభాగాలు చేయడమెలా? కొలవకూడదు, స్కేలు మీది అంకెలు చూడకూడదు, ఎంత కోణమిచ్చినా పని జరగాలి. నేను ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో క్లాసులో ఎవరో ఈ ప్రశ్న అడిగితే, "రేపు చెప్తా, కూసో" అన్నాడట. ఆ రేపు వచ్చేసరికి నేను మదనపల్లెలో డిగ్రీ ఆఖరి ఏడు చదువుతున్నాను.

సెలవులొస్తే తక్కిన అయ్యవార్లు చేన్ల వైపు పోయేవాళ్లు. నాయన నేల మీద వంగేవాడు. పెద్దతిప్పసముద్రం పక్కనున్న మా చేను చిన్నాయన చూసుకునేవాడు. దాని గురించి అమ్మ ఏదైనా ఎత్తితే, "ఇదొకటి తేలిపోనీలే సిద్ధమ్మా" అనేవాడు. అమ్మ లేచి తన పని చూసుకునేది. ఊళ్లో ఆయనకున్న గౌరవమంతా ఆ గీతల వల్లనే అని ఆమెకు తెలుసు.

అది రెండువేల మూడు. వరుసగా వానల్లేవు. బోర్లన్నీ ఎండిపోయి, వీధిలోకి ట్యాంకరొస్తేనే నీళ్లు. మార్చిలో ఒక పొద్దున నాయన వంటింటి గడపలో నిలబడి, "సిద్ధమ్మా, వచ్చేసిందే!" అన్నాడు. అమ్మ బిందె చంకనేసుకుని వీధిలోకి పరుగెత్తింది. వీధిలో ఏమీ లేదు. వెనక్కొచ్చి చూస్తే నాయన కళ్ల నిండా నీళ్లు. వచ్చింది లెక్క.

హెడ్మాస్టరు గోవిందప్ప సారు గోడ పక్కన్నుంచి వచ్చి, నేల మీది కోణాన్ని కోణమానినితో కొలిచి చూశాడు. సరిగ్గా మూడో వంతు. ఇంకో కోణం గీయమన్నాడు. అదీ అంతే. వారం తిరక్కముందే జిల్లా పేజీలో నాయన ఫోటోతో వార్త పడింది. జూన్‌లో బడులు తెరిచే ముందురోజు సన్మానం చేయాలని అయ్యవార్ల సంఘం వాళ్లు అనుకున్నారు. "యెవురైనా కాలేజీ ఆయన చేత ఒక మాట అనిపించుకో అప్పా. పైకి పంపిద్దాం" అన్నాడు గోవిందప్ప సారు.

ఎవరి దగ్గరికి పోవాలో నాయనకు తెలుసు. ఆయన దగ్గర చదువుకున్న జయచంద్ర కుప్పంలో ఇంజనీరింగు కాలేజీలో లెక్కలు చెప్తున్నాడు. నా పరీక్షలు అయిపోయాయి కాబట్టి నన్నూ వెంటబెట్టుకుని పోయాడు. దారిపొడవునా కాగితాల చుట్టను ఒళ్లో పెట్టుకుని, పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

జయచంద్ర మమ్మల్ని చూడగానే లేచి, తన కుర్చీలో నాయనను కూర్చోబెట్టాడు. కాఫీ తెప్పించాడు. "మీరు నేర్పిన లెక్కలే సార్ నన్ను ఈడిదాకా తెచ్చినాయి" అన్నాడు. నాయన కాగితం విప్పి బల్లమీద పరిచాడు. జయచంద్ర ఒకసారి దానికేసి చూసి, తర్వాత చాలాసేపు నాయన ముఖం చూశాడు.

"సార్, ఇది కుదరదు."

"యాడ కుదరదు? యే మెట్టు దగ్గర?"

"మెట్టు కాదు సార్. యెవురికీ కుదరదు. కుదరదని నూటయాభై ఏండ్లకు ముందే రుజువు చేసేసినారు."

నాయన నవ్వాడు. "ఏమప్పా జయచంద్రా, నాకు రాలేదంటే నాకు రాలేదని. ఇంగ పుట్టబొయ్యేవాళ్లకి గూడా రాదని యెట్ల చెప్తారు? ఎవురెవురు యెట్లెట్ల గీస్తారో అన్నీ గీసి సూసినారా?"

"అదే సార్ దాంట్లో గొప్పతనం. ఒక్కటి గూడా గీయకుండా చెప్పినారు."

నాయన ముఖంలో నవ్వు అలాగే ఉంది గానీ చేతులు కాగితాన్ని చుట్టేస్తున్నాయి. జయచంద్ర తలవంచుకుని అన్నాడు. "ఇంకెవురైనా అయ్యుంటే ఒక మాట మెచ్చుకోని పంపించేసుందును సార్. మీకు నేను అబద్ధం చెప్పలేను. ఆ రుజువు ఇంటర్నెట్లో ఉండాది. దేశదేశాల కాలేజీలవాళ్లు పాఠాలు ఊరికే పెట్టేసినారు. యెవురైనా సదువుకోవచ్చు." ఒక చీటీ మీద వెబ్‌సైటు పేరు రాసి నా చేతికిచ్చాడు.

తిరుగు బస్సులో నాయన, "పిల్లోడికి తీరిక లేదు. సూడనే లేదు" అన్నాడు. పలమనేరు దాటాక మళ్లీ అన్నాడు. "పెద్దపెద్దోళ్లు చేసిన రుజువుల్లోనూ తప్పులుంటాయి. యాడో ఒక తావ పగులుంటాది. అది పట్టుకుంటే సాలు."

మదనపల్లెలో బెంగుళూరు బస్టాండు దగ్గర హరీష్ అనే ఆయన ఇంటర్నెట్ సెంటరు నడుపుతుండేవాడు. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. చెక్కపలకల చాటున వరుసగా కంప్యూటర్లు. అక్కడికొచ్చేవాళ్లలో ఎక్కువమంది రిజల్ట్స్ కోసమూ, ఉద్యోగాల కోసమూ వచ్చేవాళ్లు. నాయన పంచె సర్దుకుని నా పక్కన కుర్చీలో కూర్చున్నాడు. హరీష్ వచ్చి ఆ పేరు కొట్టి, తెరిచి ఇచ్చాడు.

మొదట తెర మీదికొచ్చింది గణితంలో ఉన్న శాఖల పేర్లు. నేను కిందికి జరుపుతూ పోయాను. పేర్లు వస్తూనే ఉన్నాయి. ఒక పేరు నొక్కితే దాని కింద ఇంకో పేజీ నిండా పేర్లు.

"మనం చెప్పేది యాడుండాదో సూడమ్మా" అన్నాడు నాయన.

పైకీ కిందికీ వెతికాను. బీజగణితమని ఉంది గానీ దాని కింద ఉన్న మాటలేవీ మాకు తెలిసినవి కావు. రేఖాగణితాలు చాలా ఉన్నాయి. వాటిలో మేము ఎరిగినదానికి ఒక చిన్న వరుస. ఆయన అన్నేళ్లుగా చెప్పిన పాఠాలూ, నేను నెల ముందు పరీక్ష రాసిన పుస్తకాలూ కలిపినా ఆ పేజీలో చూపించడానికి చోటు దొరకలేదు. అదంతా మొదలుకు ముందుదట. అది వచ్చినవాళ్లు ఇక్కడ మొదలుపెట్టాలట.

"ఇంతుండాదా" అన్నాడు నాయన. ఆ ఎండల్లో బావిలోకి తొంగిచూసిన రైతు గొంతు అలాగే ఉండేది.

ఆ తర్వాత రుజువు దొరికింది. ఒక పేజీ కంటే ఎక్కువ లేదు. నాయన మొదటి వాక్యం చదివాడు. అందులో మూడు మాటలు నీలంగా ఉన్నాయి. తెలియని మాటను నొక్కితే దాని అర్థం చెప్పే పేజీ తెరుచుకునేది. ఆ పేజీలో ఇంకొన్ని నీలం మాటలుండేవి. అలా పోతూ పోతూ, మొదలుపెట్టిన చోటు మరిచిపోయేవాళ్లం. ఆ రోజు సాయంత్రం హరీష్ వచ్చి, "ఏం సార్, యాడిదాకా వచ్చినారు?" అంటే, నాయన, "వెనక్కి పోతాండాం అప్పా. మొదలు యాడుండాదో దొరకలేదింకా" అన్నాడు.

ఆ మే నెలంతా మేము మదనపల్లె బస్సెక్కుతూనే ఉన్నాం. ఎండకు ఊరు ఊరంతా తలుపులు వేసుకుని పడుకుంటే మేము బస్టాండులో నిలబడి ఉండేవాళ్లం. నాయన ఇంగ్లీషు చదవగలడు గానీ మాట మాటకూ ఆగేవాడు. నేను చదివేదాన్ని, ఆయన తెలుగులో తిప్పుకుని అర్థం చేసుకునేవాడు. అర్థమైనది బస్సులో నాకు పాఠం చెప్పేవాడు. సంఖ్యలను కొన్నింటిని కలిపి ఒక కుటుంబంగా చూడడం, ఆ కుటుంబంలో లేని ఒక కొత్త సంఖ్యను తెచ్చి చేర్చితే కుటుంబం ఎన్నింతలు పెరుగుతుందో లెక్కగట్టడం. నాకు డిగ్రీలో ఇవి పేర్లుగా మాత్రమే తెలుసు. బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాను. నాయన నోట వింటుంటే అవి కళ్ల ముందు కదిలేవి.

నిజం చెప్పాలంటే అంత సంతోషంగా ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు. బడి దగ్గరి విసుగు లేదు, చేను గురించిన దిగులు లేదు. ఒకరోజు కిటికీలోంచి వేడిగాలి కొడుతుంటే, "శోభా, యెంత ముచ్చటగా కట్టినారమ్మా ఈ ఇంటిని! ఒక ఇటుక తీసేకి లేదు" అన్నాడు. అంతలోనే ఏదో గుర్తొచ్చినవాడిలా ముఖం మార్చి, "ఉంటాది. యాడో ఒకటి వదులు ఇటుక ఉంటాది" అన్నాడు.

రాత్రి అన్నం పెడుతూ అమ్మ, "ఆ కంప్యూటరు ఏం చెప్తాండాది?" అని అడిగింది.

"కాదంటాండాది" అన్నాడు నాయన.

"కాదని తెల్సుకునేకి ఇంత సదవాల్నా?"

నాయన ముద్ద చేత్తో పట్టుకుని ఆలోచించాడు. "సదవాల్సిందే సిద్ధమ్మా. అవుననేది ఒక్కసారి చేసి సూపిస్తే సాలు. కాదనాలంటే అంతా తెల్సుండాల."

మే ఆఖరులో ఒక మధ్యాహ్నం సెంటర్లో కరెంటు పోయింది. తెరలన్నీ నల్లబడ్డాయి. తక్కినవాళ్లు చెమటకు తట్టుకోలేక బయటికి పోయారు. హరీష్ తలుపు తెరిచి పెట్టి, వాకిట్లో నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నాయన కదల్లేదు. ఆరిపోయిన తెర ముందు అలాగే కూర్చుని, బల్లమీద వేలితో ఏదో రాసుకుంటున్నాడు. రాయడం ఆపాడు. మళ్లీ మొదటినుంచి రాశాడు. మళ్లీ ఆపాడు.

"అయిపోయిందమ్మా" అన్నాడు.

"ఏంది నాయనా?"

"సరిగ్గానే ఉండాది."

నాకు అర్థమైంది. అయినా, "ఇంకోసారి సూద్దాం, కరెంటు రానీ" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, నాకు చెప్పడం మొదలుపెట్టాడు. స్కేలుతో, కంపాసుతో ఎవరు ఏం గీసినా కొత్తగా వచ్చేవి వర్గమూలాలే. ఒక్కొక్క వర్గమూలం చేరినప్పుడల్లా ఆ సంఖ్యల కుటుంబం రెండింతలవుతుంది. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. అరవై డిగ్రీల కోణంలో మూడో వంతు కావాలంటే ఒక ఘన సమీకరణం తెగాలి. దానికి మూడింతలు కావాలి.

"రెండును రెండుతో యెన్నిమార్లు హెచ్చవేస్తే మాత్రం ఏముంది? మూడుతో పోదు. నేను గీసినా పోదు, దేవుడు దిగొచ్చి గీసినా పోదు."

ఎక్కడా తడబడలేదు. నేను బడిలోనూ కాలేజీలోనూ ఎన్నో పాఠాలు విన్నాను. అంత తేటగా చెప్పిన పాఠం ఇంకొకటి లేదు. విన్నది నేనొక్కదాన్నే.

తిరుగు బస్సులో తన తప్పు ఎక్కడుందో కూడా చెప్పాడు. "రెండు గీతలు కలిసే చోటికి మూడోది గూడా వస్తాదనుకుంటి. రాదు. పక్కన్నుంచి పోతాది. సుద్దగీత లావుగా ఉంటాది గదా, దాని కింద దాక్కోనుండాది."

మరుసటి రోజు పొద్దున నేను లేచేసరికి ముందుగదిలో నీళ్ల చప్పుడు. ట్యాంకరు నుంచి పట్టి దాచుకున్న నీళ్లను బక్కెటు బక్కెటుగా పోసి నాయన నేల కడుగుతున్నాడు. చెంబెడు నీళ్లు ఎక్కువ వాడితే మమ్మల్ని కసిరే అమ్మ, వంటింటి తలుపు పట్టుకుని చూస్తూ నిలబడింది. నాయన మేకు పీకి, ఆ బొక్కలో తడిసిన సున్నం నింపి బొటనవేలితో అదిమాడు. అన్ని గీతలు పోయాక ఆ గది ఎవరిదో పరాయివాళ్ల ఇంట్లోదిలా ఉంది. మేము ఆ తర్వాత కూడా చాలా రోజులు గోడ పక్కన్నుంచే నడిచాం.

సన్మానం మాట ఖాయం చేయడానికి గోవిందప్ప సారు వచ్చినప్పుడు నాయన కూర్చోబెట్టి, తప్పని తేలిపోయిందనీ, సన్మానం వద్దనీ చెప్పాడు.

"ఎవురు తేల్చినారు?" అన్నాడు సారు.

"నేనే తేల్చుకుంటి సార్."

"నువ్వే చేసి, నువ్వే తప్పంటే యెట్లప్పా? పేపర్లో పడిపాయె. పెద్దోళ్లని పిలిచేసినాం. ఇప్పుడు కాదంటే సంఘం మర్యాద ఏంగావాల? కోణమానిని పెట్టి నేనే కొలిచినా గదా. అందులో తప్పు యాడుండాది?"

నాయన రుజువు చెప్పబోయాడు. సారు రెండు వాక్యాలు విని, గడియారం చూసుకుని, "అదేదో ఆ పొద్దు మైకులో చెప్పు. అందరూ వింటారు" అని లేచాడు.

నాయన ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. అందరూ వింటారు. దానికోసం తయారయ్యాడు కూడా. వేదిక మీద నల్లబల్ల పెట్టించమని అడిగాడు. పెట్టించారు.

ఆ రోజు సాయంత్రం స్కూలు ఆవరణలో జనం బాగానే వచ్చారు. శాలువా కప్పారు, పూలదండ వేశారు. నాయన దండ తీసి కుర్చీ మీద పెట్టి, బల్ల దగ్గరికి పోయి సుద్దముక్క తీసుకున్నాడు. "నేను చేసింది తప్పు. ఇది యెవురికీ అయ్యే పని కాదు. యాల కాదో చెప్తాను, వినండి" అన్నాడు. చెప్పాడు. ఆరిపోయిన తెర ముందు నాకు చెప్పిన పాఠమే, ఇంకా వివరంగా, ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పినంత ఓపికగా. నేను జనం ముఖాలు చూస్తూ కూర్చున్నాను. కొంతమంది విసనకర్ర ఊపుకుంటున్నారు. కొంతమంది భక్తిగా చేతులు కట్టుకుని ఉన్నారు. ఏదో గొప్ప విషయం జరుగుతోందని వాళ్లకు తెలుసు, అంతే. నా వెనక కూర్చున్న అయ్యవారొకాయన పక్కాయనతో, "సూడు, ఇంత సాధించి తప్పంటాండాడు. పెద్దోళ్ల వినయం అట్లుంటాది" అన్నాడు.

నాయన ముగించి సుద్ద కింద పెట్టాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. చాలాసేపు కొట్టారు. గోవిందప్ప సారు మైకు అందుకుని, "మన చెంగల్రాయుడు సారు కనుక్కున్న పద్ధతిని ఆయన నోటనే విన్నాం" అన్నాడు. నాయన నల్లబల్ల కేసి చూశాడు, జనం కేసి చూశాడు, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎవరో ఆ దండను మళ్లీ ఆయన మెడలో వేశారు. ఆయన ఈసారి తీయలేదు.

జూన్ నెల నడిమికి నా డిగ్రీ ఫలితాలొచ్చాయి. ఫస్ట్ క్లాసు. తిరుపతిలో ఎమ్మెస్సీ గణితానికి దరఖాస్తు పెట్టుకుంటానని నాయనతో అన్నాను. ఆ ఎండాకాలం నుంచి నాకు వేరే ధ్యాస లేదు. కళ్లు మూసుకుంటే నీలం మాటలు కనపడేవి. ఒక్కొక్కటీ తెరుచుకుంటూ పోతే ఏముంటుందో చూడాలని ఉండేది.

నాయన, "వద్దమ్మా. బి.ఎడ్. రాయి" అన్నాడు.

చిన్నప్పటినుంచి నన్ను దేనికీ వద్దనని మనిషి. నేను నమ్మలేక, "యాల నాయనా?" అన్నాను.

"దానికి కొన లేదు శోభా. నువ్వూ సూస్తివి గదా. కొన లేని దాన్లోకి నిన్ను యెట్ల పంపేది? నాకు ముసలితనంలో తెల్సింది. నీకు ఇప్పుడే తెలిస్తే బతుకంతా యెట్ల మోస్తావు?"

"నాకు బాధగా లేదు నాయనా. సంతోషంగా ఉండాది."

ఆయన నా ముఖం చూశాడు. "నాకూ సంతోషంగానే ఉండెనమ్మా ఇన్నేండ్లూ. నా భయం అదే" అన్నాడు.

అమ్మతో చెప్పించాలని చూశాను. అమ్మ, "ఆయప్ప ముఖం సూడు ఒకసారి. నీకు నోరొస్తే నువ్వే అడుగు" అంది. చూశాను. అడగలేకపోయాను. నేను బి.ఎడ్. చేసి, ఇన్నేళ్లుగా వాల్మీకిపురంలో లెక్కల టీచరుగా ఉన్నాను.

దరఖాస్తులకు ఆఖరి తేదీ దాటిపోయిన సాయంత్రం నాయన వసారాలో ట్యూషను చెప్తున్నాడు. పక్కవీధి మాధవి అనే పిల్ల, ఆ ఏడే పదో తరగతికి వచ్చింది. లెక్కలంటే దానికి వణుకు. నేను లోపల కూర్చుని చేటలో బియ్యం ఏరుతున్నాను. ఆ పిల్ల ఒక లెక్క తేలక ఏడుపు గొంతుతో, "సార్, ఈ లెక్కలు యాడిదాకా ఉంటాయి సార్?" అంది.

బియ్యంలో నా వేళ్లు ఆగాయి.

"పదో తరగతి దాకానమ్మా" అన్నాడు. "ఆడికి అయిపోతాయి."

"అంతేనా సార్? ఆ తర్వాత ఏం ఉండవా?"

"అంతే. ఏం ఉండవు."

"అమ్మయ్య" అంది ఆ పిల్ల.